సీమావుకు చెయ్యి అలవాటు చెయ్యండి

చాలా రోజులుగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్న విషయం ఇది. ఎండలు ముదురుతున్నాయి, కొట్టాల్లో పిడుదులు లేస్తున్నాయి. ఇంక ఆగకూడదని సాయంత్రం పాలు పోసి వచ్చి కూర్చున్నా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మాది పలమనేరు వైపు. రెండున్నర ఎకరాలు, ఒక బోరు. చెనక్కాయ, టమోటా పెడతాం. టమోటాలు కోత కూలి కూడా రాక గట్టుమీద పారబోసిన ఏడు కూడా మా ఇంట్లో పొయ్యి వెలిగిందంటే అది పాల బిల్లు పుణ్యమే. ఇప్పుడు మూడు ఆవులు, రెండు పెయ్యలు ఉన్నాయి. అన్నీ సంకరజాతివే. మా వైపు సీమావులు అంటాం.

ఆరేళ్ల కిందట నా మొదటి సీమావును సంతలో 68 వేలకు కొన్నా. మా ఇంటామె డ్వాక్రా లోను తీసిచ్చింది. హెచ్ఎఫ్ క్రాసు, రెండో ఈత, పూటకు 8 లీటర్లు. పాలు బాగా ఇచ్చేది కానీ మనిషంటే హడలు. చెయ్యెత్తితే చాలు, తల విదిలించి పలుపు తెంపుకునేది. అంతకుముందు ఎవరి దగ్గర ఎన్ని దెబ్బలు తినిందో. పాలు పిండేటప్పుడు మా ఆమెను తప్ప ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. నేను దూరం నుంచే గడ్డి విసిరి వచ్చేసేవాణ్ణి. పాలిస్తోంది కదా, మనకేంది అనుకున్నా. నా తప్పు అక్కడే మొదలైంది.

ఏప్రిల్ నెలలో ఒక పొద్దున దాణా సగం మిగిల్చింది. పాలు మాత్రం అర లీటరే తగ్గినాయి. ఎండకులే అనుకున్నా. మరుసటి రోజుకు పాలు సగమైనాయి. మెడికల్ షాపులో జ్వరం మాత్రలు తెచ్చి బెల్లంలో పెట్టి మింగించినాం. మూడో రోజు డాక్టరును పిలిస్తే, ఆయన వచ్చి నలుగురి చేత పట్టించి దర్మామీటరు పెట్టినాడు. 106. తర్వాత భుజం ముందర చెయ్యి పెట్టి నిమిరి, నన్ను పిలిచి నా చెయ్యి కూడా అక్కడ పెట్టించినాడు. తోలు కింద పెద్ద నిమ్మకాయంత గడ్డ.

"ఇది ఎప్పటినుంచి ఉందయ్యా?" అన్నాడు.

నేనేం చెప్తాను? ఆ ఆవును కొని ఏడు నెలలు. నేను దాని భుజం మీద చెయ్యి వేసింది అదే మొదటిసారి.

చెవి దగ్గర రక్తం చుక్క తీసి పరీక్షకు పంపినారు. థైలేరియా, అంటే పిడుదుల వల్ల వచ్చే జ్వరం అని తేలింది. దానికి మంచి ఇంజక్షన్ ఉంది, వేసినారు కూడా. కానీ అప్పటికే కంటిరెప్ప లోపల తెల్లగా పాలిపోయి ఉంది. అయిదో రోజు తెల్లవారుజామున చనిపోయింది. బీమా వచ్చే నెల చేయిద్దాం అనుకుంటూ ఉన్నాం. లోను కంతులు ఇంకా 20 మిగిలినాయి. మా ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు పాలు పిండే టయానికి అలవాటుగా బకెట్టు తీసుకుని కొట్టం దాకా పోయి, అట్లే వెనక్కొచ్చింది.

నాటావుకు, సీమావుకు తేడా నాకు అప్పుడు అర్థమైంది. మన నాటావు ఈ ఎండలో, ఈ పిడుదుల మధ్య తరతరాలుగా బతికింది. ఆ పిడుదుల జ్వరం దానికి వచ్చినా చాలావరకు తట్టుకుంటుంది. మన నిర్లక్ష్యాన్ని కూడా అది భరిస్తుంది. సీమావు ఒంట్లో సగమో, అంతకంటే ఎక్కువో చలి దేశపు రక్తం. ఎక్కువ పాలు ఇచ్చేది ఆ రక్తమే, జబ్బుకు త్వరగా పడేదీ ఆ రక్తమే. పైగా జబ్బు మొదలైన రోజు పాలు పెద్దగా తగ్గకపోవచ్చు. మనం పాల క్యాను చూసి ఆవు ఆరోగ్యం లెక్కగడితే ఒకటి రెండు రోజులు వెనకబడతాం. ఆ రెండు రోజుల్లోనే ఉంటుంది అంతా.

అందుకే సీమావు జబ్బు కంటికంటే ముందు చేతికి తెలియాలి అంటున్నా. చెయ్యి వెయ్యాలంటే ముందు ఆవు మనల్ని నమ్మాలి. కొట్టి, కాళ్లు కట్టి చూసేదాన్ని రోజూ ఎవరు చూడగలరు?

తర్వాత ఒక చూడి పెయ్యను తెచ్చుకున్నా. మొదటి నెలంతా దాన్ని మచ్చిక చేసుకోవడమే నా పని. దువ్వెన బ్రష్షుతో రోజూ పది నిమిషాలు మెడ, భుజం, గంగడోలు, నడుము రుద్దేవాణ్ణి. వెనక నుంచి చప్పుడు లేకుండా పోకుండా, మాట్లాడుతూ పక్కనుంచి పోయేవాణ్ణి. తోక ఎత్తడం, పొదుగు తడమడం, కాలు పట్టుకోవడం ఈనకముందే అలవాటు చేసినా. ఈనినాక మొదటి రోజే నిలబడి పాలిచ్చింది. ఇందులో మనకు ఇంకో లాభం కూడా ఉంది. పొదుగు కడిగి తుడిచిన తర్వాత పాలు చేపేది కొన్ని నిమిషాలే. ఆ టయంలో అరిచినా, కర్ర ఎత్తినా ఆవు భయపడి పాలు ఎగబట్టేస్తుంది. మిగిలిపోయిన పాలతో పొదుగువాపుకు దారి మనమే వేస్తాం.

ఇప్పుడు పొద్దున పాలు పిండినాక ఒక్కో ఆవుకు మూడు నిమిషాలు ఇస్తా. రెండు భుజాల ముందరా చెయ్యి పెట్టి తడుముతా. మనకు కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కడుతుంది చూడండి, ఆవుకు ఈ జ్వరంలో అట్లా అక్కడ కడుతుంది. కింది కంటిరెప్ప లాగి రంగు చూస్తా. చెవుల లోపల, తోక కింద, పొదుగు పక్కన పిడుదులు చూస్తా. మేత మిగిల్చినా, నెమరు వెయ్యకపోయినా దర్మామీటరు పెడతా. మనుషులకు వాడేదే చాలు, ఆవులకు వేరేగా ఒకటి ఉంచుకోండి. దారం కట్టి, పేడదారిలో రెండు అంగుళాలు లోపలికి, గోడకు ఆనేటట్టు పెట్టాలి. 101, 102 మామూలు. 103 దాటితే నేను సొంత వైద్యం చెయ్యను, ఫోన్ చేస్తా. ఆంధ్రాలో అయినా తెలంగాణలో అయినా 1962కు చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది. ఆ నంబరు కొట్టం స్తంభం మీద సున్నంతో రాసిపెట్టినా.

పిడుదులకు ఆవు మీద మందు కొడితే సరిపోతుందనుకోవద్దు. అవి కిందపడి గోడ పగుళ్లలో, గాడి సందుల్లో గుడ్లు పెడతాయి. పగుళ్లు సిమెంటుతో పూడ్పించినా. మందు డాక్టరు చెప్పిన కొలతకే, ఆవు నాకకుండా చూసుకుని, పాలు పిండినాక కొడతా. గుడ్లు పగిలి పిల్లలు వస్తాయి కాబట్టి ఆయన చెప్పిన గడువుకు మళ్లీ కొడతా. థైలేరియాకు టీకా కూడా ఉంది, మీ డాక్టరును అడగండి. ఎండాకాలం రేకుల మీద చెనక్కాయ కట్టె, కొబ్బరి మట్టలు కప్పి, నీళ్ల తొట్టి ఎప్పుడూ నిండుగా ఉంచుతా.

పోయిన మే నెలలో ఒక సాయంత్రం అదే పెయ్య (ఇప్పుడు రెండో ఈత ఆవు) భుజం దగ్గర చిన్న రేగుపండంత గడ్డ చేతికి తగిలింది. మేత తింటోంది, పాలు ఒక్క గ్లాసు కూడా తగ్గలేదు. మా ఆమె, "ఏమయ్యా, బాగనే ఉంది కదా, ఊరికే భయపడతావు" అనింది. దర్మామీటరు 104 చూపించింది. ఆ రాత్రే ఫోన్ చేసినాం. రక్తం తీసినారు, మళ్లీ అదే జ్వరం. ఈసారి ఇంజక్షన్ మొదటి రోజే పడింది. ఆవు కదలకుండా నిలబడి మెడమీద సూది వేయించుకుంది, నేను గంగడోలు నిమురుతూ ఉన్నా. పది రోజులు పాలు తగ్గినాయి, మళ్లీ వచ్చినాయి. ఇప్పుడు ఇది రాస్తుంటే కొట్టంలో నెమరు వేస్తున్న చప్పుడు వినపడుతోంది.

మీ కొట్టంలో కూడా చెయ్యి వెయ్యనివ్వని ఆవు ఒకటి ఉంటుంది. పాలు బాగా ఇస్తోందని నాలాగా వదిలెయ్యొద్దు. రేపు పొద్దున దానితోనే మొదలుపెట్టండి. చెవికి పోగు, బీమా ఈ వారమే చేయించండి, వచ్చే నెలకు పెట్టుకోవద్దు.