స్నేహద్రవ్యం

చిలకలూరిపేట సమీప గ్రామంలో ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయులు. భార్య మోకాళ్ళ బాధతో క్రింద కూర్చుని వండలేదని, యాత్రల కోసం కొన్న పాత వ్యానుకు సొరుగువలె ప్రక్కకు జరిగే వంటగదిని చేయించారు. మీట నొక్కితే మోటారు అడుగునున్న ఇరుసును త్రిప్పుతుంది. ఇరుసు రెండు కొసలనున్న పళ్ళచక్రాలు పళ్ళపట్టీలను నెట్టి గదిని వెలుపలికి తెస్తాయి. ఆ గదిలో ఆమె శ్రీశైలంలో వండింది, అరుణాచలంలో వండింది. కాశీ మిగిలిపోయింది.

ఆమె గతించాక ఆయన ఆ గదిని లోపలికి జరపలేదు. సంధ్యావందనం కాగానే పట్టీలకు గ్రీజు పూయడం నిత్యానుష్ఠానమైంది. మాఘమాసంలో ఎదుటి కల్లంలో మిర్చి ఆరబోశారు. సంవత్సరీకంలోపు అస్థికలు గంగలో కలపాలని కుమారుడు నిశ్చయించాడు. ప్రయాణానికి ముందురోజు మీట నొక్కితే గది జానెడు కదిలి, వంకరగా బిగుసుకుపోయింది. గది బయట ఉండగా బండి వీధి దాటదు.

గుంటూరు ఆటోనగర్ నుండి వచ్చిన మెకానిక్ క్రిందికి దూరి, వ్రేలితో ఎర్రని ముద్దను గీకి చూపాడు.

"ఇంత గ్రీజు ఎవరు పెట్టమన్నారు మాస్టారూ? మిరప ధూళి, దూది నూగు అంతా దీనికే పట్టింది. ఒకవైపు పన్ను జారింది."

"అరగకూడదని పూశానయ్యా."

"బయటికుండే పట్టీకి జిడ్డు పనికిరాదండీ. పొడిగానే ఉండాలి."

మాస్టారు మాటాడలేదు. అన్నంభట్టు తర్కసంగ్రహంలో 24 గుణాలలో స్నేహమొకటి. చూర్ణం ముద్ద కావడానికి హేతువైన గుణమని దాని లక్షణం. (అది జలగుణమేనని, తైలంలో కనబడేదీ అందలి జలభాగానిదేనని తార్కికుల వాదం.) దశాబ్దాలు బోధించిన లక్షణానికి ఉదాహరణ ఇప్పుడు మెకానిక్ వ్రేలిపై ఉంది. ప్రేమకూ జిడ్డుకూ సంస్కృతంలో ఒకే పదం. గీత ద్వితీయాధ్యాయంలో 57వ శ్లోకం అభిస్నేహం లేనివానిని చెబుతుంది. అవయవాలను ముడుచుకునే కూర్మం 58వ శ్లోకంలో వస్తుంది. ముందు జిడ్డు వదలాలి, పిదపనే ముడుచుకోవడం. ఈ క్రమాన్ని ఆయన తరగతిలో ఎన్నడూ ప్రస్తావించలేదు. పైగా కూర్మం అవయవాలను ఖండించుకోదు; అవసరమైతే మరల చాపుతుంది.

మరమ్మతుకు మధ్యాహ్నమంతా పట్టింది. మోటారును విడదీసి, పట్టీలను కిరసనాయిలుతో కడిగి, ఇరుసు బోల్టు వదులుచేశారు. వెనుకబడిన కొసను చేతులతో నెట్టి, రెండువైపులా టేపుతో కొలిచి, కొలతలు సమానమయ్యాక బిగించారు. ఒకవైపే ముందుకు పోతే గది మరల కొరుక్కుంటుందట.

"లోపల సామాను తీసేయమంటారా?" అన్నాడు మెకానిక్.

"ఉండనీ."

గది నెమ్మదిగా లోపలికి జరిగి మూసుకుంది. చివరి అంగుళంలో లోపలెక్కడో ఒక గరిటె జారి పడిన చప్పుడైంది. మాస్టారు తెరవమనలేదు.