సర్దీ తాగిన పెట్రోల్

ఆదిలాబాద్ చలి గురించి కరీంనగర్‌లో చెప్తే, "మాకు లేదా సర్దీ?" అని నవ్వుతరు. ఉంది గానీ, ఆ సర్దీ వేరు. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కి అవతల పడ్డంక, డిసెంబర్, జనవరి నెలల్లో ఫజర్ వేళ వజూ నీళ్లు చేతుల్ని కొరుకుతయి. సిర్పూర్ (యు) దిక్కు కొన్ని తెల్లవారుజాముల్లో 5, 6 డిగ్రీలకు పడిపోతది. రజాయి కప్పుకొని పండుకున్నోళ్ల సంగతి సరే. ఆ వేళకు బండి సెల్ఫ్ కొట్టాల్సిన డ్రైవర్ల గురించే ఈ నాలుగు మాటలు.

మా ఖాలా కొడుకు ఒకాయనను నేను భాయిజాన్ అంట. ఇరవై ఏండ్ల నుంచి స్టీరింగ్ మీదనే ఆయన రోజీ. కరీంనగర్ సేఠ్ ఒకాయన తన చిన్న పెట్రోల్ కారిచ్చి ఆదిలాబాద్‌కు పంపిండు. పొద్దుగాల ఆరింటికి మొదలుపెట్టి షిఫ్టు వాళ్లను ఇళ్ల దగ్గర ఎక్కించుకునుడు, పనికాడ దింపుడు. నాలుగైదు కిలోమీటర్ల చక్కర్లే. వానాకాలంలో లీటరుకు 18 కిలోమీటర్లిచ్చిన బండి డిసెంబర్‌లో 16కు పడ్డది. సేఠ్ ఫోన్ చేసి ఒక్కటే మాటన్నడు: "పెట్రోల్ కాఁ జారా మియా?"

డ్రైవర్ మీద ఇంతకన్నా పెద్ద ఇల్జామ్ లేదు. ఆ నెల జీతంలో వెయ్యి కోసిండు కూడా. "పైసలు పోతే సబర్ చేస్త తమ్మీ, ఇమాన్ మీద షక్ పెడితే ఎట్ల?" అన్నడు భాయిజాన్. ఖాలా అయితే రెండు రోజులు సరిగ్గా తినలేదు.

నేను బడిలో చదివింది ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగు. సైన్సు పాఠం మాత్రం ఇప్పటికీ ఉర్దూలోనే యాదికొస్తది. ఉష్ణోగ్రత అంటే దర్జా-ఎ-హరారత్, సాంద్రత అంటే కసాఫత్. కసాఫత్‌కు మురికి అనే ఇంకో మాయనా కూడా ఉండె గనక, క్లాసులో నవ్వుకునేటోళ్లం. భాయిజాన్ బేగునాహీకి సుబూత్ ఆ పాఠాల్లోనే దొరికింది.

మొదటిది, ఇంజన్ ఆయిల్. చలికి అది చిక్కబడుతది. ఇంజన్ లోపలి భాగాలు తిరిగేందుకు ఎక్కువ జోర్ పెట్టాలె. చల్లటి ఇంజన్‌లో పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు గనక, వేడెక్కేదాక బండి తనంతట తానే ఎక్కువ పెట్రోల్ పోసుకుంటది. దూరం పోయే బండికి ఈ ఖర్చు మొదటి కొన్ని కిలోమీటర్లకే. భాయిజాన్ బండికేమో ఇంజన్ వేడెక్కేసరికి చక్కర్ అయిపోతది, ఆగి చల్లారుతది, మళ్లీ మొదలు.

రెండోది, టైర్లు. హరారత్ 5, 6 డిగ్రీలు తగ్గితే టైర్లో గాలి సుమారు ఒక పాయింట్ పడుతది. పగలు 30 డిగ్రీల ఎండలో కొట్టించిన గాలి, తెల్లారి 10 డిగ్రీలకు మూడు పాయింట్లకు పైనే తక్కువ చూపిస్తది. మెత్తబడ్డ టైరు రోడ్డును పట్టుకొని గుంజుతది.

మూడోది, కసాఫత్. 10 డిగ్రీల గాలి 30 డిగ్రీల గాలికన్నా దాదాపు 7 శాతం చిక్కన. హైవే మీద స్పీడుగా పోయే బండికి ఆ గాలిని చీల్చుకొని పోవుడే ఒక మెహనత్.

అమెరికా సర్కారు లెక్క ప్రకారం, 25 డిగ్రీల కాడ వచ్చే మైలేజీతో పోలిస్తే, సున్నాకు ఏడు డిగ్రీలు కిందున్నప్పుడు ఊర్లో తిరిగే పెట్రోల్ కారుకు సుమారు 15 శాతం తగ్గుతది. ఐదారు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలకైతే 24 శాతం దాకా తగ్గొచ్చు. మన దగ్గర అంత చలి లేదు, అంత కోత కూడా ఉండదు. భాయిజాన్ బండికి తగ్గింది 11 శాతం. పైగా సవారీలు వచ్చేదాక ఇంజన్ బంద్ చేయకుండా పెట్టేటోడు. నిలబడ్డ బండి మైలేజీ సున్నా గదా!

ఇదంతా సేఠ్‌కు చెప్పినం. ఆయన వ్యాపారి, మాటలతో మానలేదు. "సరే, నేనే వచ్చి కూసుంట" అన్నడు. ఆదిలాబాద్‌లో ఒకే బంకు, ఒకే పంపు. ట్యాంకు నిండ కొట్టించి, మధ్యాహ్నం ఎండలో నిర్మల్ దాక పోయొచ్చి మళ్లీ నింపితే 18 దాటింది. తర్వాత మూడు రోజులు పొద్దుగాల చక్కర్లన్నిట్ల సేఠ్ శాలువ కప్పుకొని ముందు సీట్లో కూసున్నడు. మళ్లీ నింపితే 16 కూడా నిండలేదు. పక్కన కూసున్న మనిషి కండ్ల ముందర పెట్రోల్ ఎవ్వడు తీయలేదు.

బండ్లున్నోళ్లకు ఒక మాట. చలికాలం మైలేజీని పోయిన చలికాలంతో పోల్చుండ్రి, వానాకాలంతో కాదు. గాలి పొద్దుగాల, టైర్లు చల్లగున్నప్పుడే చూపించుండ్రి. సెల్ఫ్ కొట్టినంక అర నిమిషం ఆగి మెల్లగ కదిలిస్తే చాలు, నిలబెట్టి వేడి చేసే జరూరత్ లేదు. చిన్న చిన్న పనులు ఒక్క చక్కర్‌లో కలుపుకుంటే ఇంజన్ వేడి వృథా కాదు.

సేఠ్ మాఫీ అయితే అడగలేదు. కోసిన వెయ్యి వాపస్ ఇచ్చిండు. పెట్రోల్ హిసాబ్ రాసుకునే పుస్తకంలో ఆ బండి పేరు కింద ఇప్పుడు రెండు గీతలున్నయి: మామూలు నెలలకు 18, డిసెంబర్, జనవరికి 16. భాయిజాన్ ఆ పేజీ ఫోటో తీసి ఖాలాకు చూపించిండు.