నేల అందలేదా... ఇటుక ఉందిగా!

నాటు వేయాలంటే వంగాలి. కలుపు తీయాలంటే వంగాలి. మిరప కోతకూ వంగాలి. ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచుకు వెళితే, మండుటెండల్లో తునికాకు కోసమూ వంగాలి. ఆపైన యాభై ఆకులకో కట్ట చొప్పున కడుతూ గంటలకొద్దీ కూర్చోవాలి. అలాంటి ఆడవాళ్లకు యోగా చేయమంటే నవ్వు రాదూ! పొద్దస్తమానం వంగే నడుముకి ఇంకా వంగడమెందుకు?

తేడా ఉంది. చేలో చెయ్యి మొక్క దాకా వెళ్లాల్సిందే, నడుము ఎలా వంగినా సరే. ఆసనంలో ముందు వెన్ను, తర్వాతే చెయ్యి. చెయ్యి నేలకు అందకపోతే నేలనే పైకి తెచ్చుకోవచ్చు... ఇటుకతోనో, కుర్చీతోనో!

ఈ పద్ధతిని ప్రపంచానికి నేర్పింది బీకేఎస్ అయ్యంగార్. 1918లో కర్ణాటకలోని బెళ్లూరులో పుట్టిన ఆయన బాల్యమంతా మలేరియా, టైఫాయిడ్, క్షయలతోనే గడిచింది. మైసూరులో బావగారు తిరుమలై కృష్ణమాచార్య దగ్గర యోగా నేర్చుకుని, 1937లో పుణె చేరారు. ఒళ్లు మొండికేయడమంటే ఏమిటో ఆయనకు తెలుసు. అందుకే ఇటుకలు, బెల్టులు, దుప్పట్లు, తాళ్లతో ఆసనాన్నే ఒంటి దగ్గరకు తెచ్చారు. 2014లో కన్నుమూసేదాకా ఆ సాధన ఆపలేదు.

త్రికోణాసనమే తీసుకోండి. చెయ్యి నేలకు ఆనాలని పంతం పడితే మోకాలు వంగుతుంది, ఛాతీ కిందికి వాలిపోతుంది. అరచేతి కింద ఇటుక పెడితే కాలు నిటారుగా ఉంటుంది, ఛాతీ విచ్చుకుంటుంది, ఊపిరి హాయిగా ఆడుతుంది.

ఇందుకు కొనాల్సిందేమీ లేదు. గుడ్డ చుట్టిన ఇటుక, మడతపెట్టిన దుప్పటి, పాత తువ్వాలు, గోడ చాలు. దుప్పటి మడత మీద కూర్చుంటే వెన్ను దానంతటదే నిలబడుతుంది. వెల్లకిలా పడుకుని, పాదానికి తువ్వాలు తగిలించి కాలు పైకెత్తితే, నడుము మీద బరువు పడకుండానే తొడ వెనక కండరం సాగుతుంది. గోడకు చేతులు ఆనించి తుంటి దగ్గర వంగితే వీపు గూనిగా మారదు. మొదట్లో మాత్రం తెలిసినవారి దగ్గర నేర్చుకోవాలి.

ఇది అద్భుత వైద్యమేమీ కాదు. దీర్ఘకాలిక నడుం నొప్పిపై జరిగిన 12 పరిశోధనలను 2017లో కోక్రేన్ సమీక్షించింది. ఏ వ్యాయామమూ చేయనివారితో పోలిస్తే యోగా చేసినవారు కొంత తేలిగ్గా పనులు చేసుకోగలిగారు. కొందరికి నొప్పి పెరిగింది కూడా. కాలు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా ముందు డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

కూలి పని నడుమును అడిగి వంచదు. రోజులో ఓ పది నిమిషాలైనా దాని మాట వినే వేళ ఉండాలి. ఆ కాసేపూ ఆసరా తీసుకుంటే చిన్నతనమేముంది?