కోనసీమ పొత్తిళ్లు

పుష్యమాసం. తెల్లవారింది కానీ కాలువ గట్టు మీద ఎదురొచ్చే సైకిలు కూడా కనిపించదు. అంత మంచు! ఆ మంచులోంచి ఓ అమ్మమ్మ గబగబా నడిచొస్తుంది. పైటకొంగు కింద ఓ మూట. మూటలోంచి చిన్న ముక్కు, రెండు కళ్లు... టీకా వేయించడానికి బయల్దేరిన మనవరాలన్నమాట.

ఇదే డెన్మార్కో, స్వీడనో అయితే ఆ బిడ్డ ప్రామ్‌లో ఉండేది. అక్కడ చలికాలంలోనూ పసిపిల్లల్ని ప్రామ్‌లో పడుకోబెట్టి ఆరుబయటే నిద్రపుచ్చుతారు. ప్రామ్‌లు కోనసీమకి రాకపోలేదు. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో వచ్చేవాళ్లు తెస్తూనే ఉంటారు. గట్టు మీద గతుకుల్లో నాలుగడుగులు తోసేసరికి బిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది. ఆనక అది అరుగు మీదికి చేరి కొబ్బరికాయలు మోస్తుంది!

అయినా గౌతమికీ వసిష్ఠకీ సముద్రానికీ మధ్య ఉన్న ఈ నేలలో పసిబిడ్డకి అసలు శత్రువు చలి కాదు, తడి. శ్రావణంలో ముసురు పట్టిందంటే నాలుగురోజులు ఎండ మొహం కనపడదు. పొత్తిగుడ్డలు ఆరవు. కుంపటి మీద వెదురుబుట్ట బోర్లించి, దానిమీద ఒక్కో గుడ్డా పరిచి ఆరబెట్టడం ఇంట్లో ఒకరికి రోజంతా పని. ఆ గుడ్డలన్నీ పాత నేతచీరలే. అమలాపురం పక్కనే బండారులంక మగ్గాలున్న ఊరు కాబట్టి నూలుచీరకి కరువులేదు. కట్టీ ఉతికీ మెత్తబడ్డ చీరని చింపితే పొత్తిగుడ్డ, మడతలేసి కుడితే బొంత, దూలానికి కడితే ఉయ్యాల.

వరదొస్తే ఈ పనంతా పడవలో జరగాలి. 2022 జులైలో గోదావరి లంకల్ని ముంచినప్పుడు పసిబిడ్డలతో గట్టెక్కిన తల్లులు ముందుగా వెతుక్కున్నది పొడిగుడ్డే. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో ఇళ్ల కప్పులు ఎగిరిపోయాయి. అలాంటి రాత్రి గుడ్డలన్నీ తడిసిపోతే బిడ్డకి మిగిలే వెచ్చదనం తల్లి ఒంటిదే. నెలలు నిండని బిడ్డల్ని తల్లి గుండెకి నేరుగా ఆనించి ఉంచే పద్ధతిని కొలంబియాలోని బొగోటాలో 1978లో వైద్యులు మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్నది అదే.

ఇక స్నానం. నీళ్లపొయ్యిలో కొబ్బరిడొక్కలు, పొయ్యి మీద కాగు. పీట మీద కాళ్లు చాపుకుని కూర్చున్న నాయనమ్మ, ఆమె కాళ్లమీద నూనె పట్టించిన బిడ్డ. చూడ్డానికి ముచ్చటే గానీ, పుట్టగానే పోసే నీళ్లతోనే చిక్కు. ఒంటిమీది తడి ఆరుతూ ఒంట్లో వేడిని లాక్కుపోతుంది. అందుకే ఇరవైనాలుగు గంటలు ఆగి పొయ్యమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పెద్దవాళ్లు ఈ మాటకి ఓ పట్టాన ఒప్పుకోరు. సాంబ్రాణి దగ్గరా అంతే. తలుపులు మూసిన పురిటిగదిలో కుంపటి పొగ పసి ఊపిరితిత్తులకి మంచిది కాదు. గుడ్డలు ఆరబెట్టే కుంపటి వసారాలో ఉంటే చాలు.

సంక్రాంతికి భోగిమంట మీద కాచిన నీళ్లు పోసి, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బిడ్డని చంకనేసుకుని వెళ్తారు. టోపీ, సాక్సు, పైన శాలువా. మాఘంలో అంతర్వేది కల్యాణానికీ అదే వేషం. ఎటొచ్చీ ఎండాకాలం వచ్చాక కూడా కొందరు ఆ టోపీ తియ్యరు. ఉక్కపోతలో గుడ్డలు చుట్టబెడితే ఒళ్లంతా చెమటకాయలు! వేసవిలో పల్చటి చీర ఉయ్యాలే సుఖం, గాలాడుతుంది.

రాజోలు, మలికిపురం వైపు చాలా ఇళ్లలో ఆ ఉయ్యాల ఊపేది అమ్మమ్మే. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనిలో ఉంటుంది. సాయంత్రం ఫోనులో బొమ్మ కనపడగానే మొదటి ప్రశ్న...

‘‘టోపీ పెట్టలేదేంటమ్మా దానికి?’’

‘‘రోహిణీ కార్తెలో టోపీ ఏంటే పిచ్చిదానా! నువ్వు తిన్నావా?’’