కుంభారిల ఆదివారం బడి

మూడు దినాల నుంచి ముసురు పట్టింది. మా సోలాపూర్‌ల వాన పడుడే తక్కువ. పడ్డప్పుడు మాత్రం మబ్బుతో పాటు మనసు గూడ మూసుకపోతది. ఆ ఆదివారం పొద్దున అటక మీదున్న మన పత్రిక పాత సంచికలన్నీ కిందికి దించిన. పదకొండేండ్లవి. మా కొడుక్కు తెలుగు మాట్లాడుడే గాని చదువుడు రాదు. కోడలు, మనుమడు మరాఠీ బడిల చదివినోళ్లే. నా కుడి కంటిల మోతిబిందు. నేను చదువుడు బంద్ జేస్తే ఇంట్ల వీటిని ముట్టేటోళ్లు లేరు. రద్దీవానికి వేద్దాం, వచ్చే ఏడు చందా గూడ కట్టొద్దు అనుకున్న. ఈ పత్రికలనే ఈ మాట రాసుడు బాగుండదు గాని, జరిగింది జరిగినట్టు చెప్పాలె గద.

అప్పుడే కుంభారి నుంచి మా చెల్లె ఫోన్ జేసింది. సంగతి చెప్పిన. "అన్నా, రద్దీల వెయ్యకు. నువ్వే పట్టుకొని రా. ఇక్కడ పోరగాండ్లకు కావాలె" అన్నది. ఏ పోరగాండ్లు, ఎందుకు అని అడిగేలోపల్నే పెట్టేసింది.

రెండు సంచులల్ల నింపి, పైన ప్లాస్టిక్ కప్పి రిక్షా ఎక్కిన. అక్కల్‌కోట్ రోడ్డు మీద ఎంఐడీసీ దాటేదాక సాంచెల చప్పుడు మనతోనే వస్తది. చద్దర్లు, టవాళ్లు నేసే సాంచెలు. గిరణీ మూతపడ్డంక నేను గూడ ఈ రోడ్డు మీదనే పన్నెండేండ్లు సాంచ నడిపిన. ఏది సాఫ్‌గ నడుస్తుందో, ఏది దారం తెంపుతుందో రిక్షాల కూసోనే చెప్తా. ఇప్పుడు ఆ తెలివితో పనేముంది గాని.

కుంభారి దగ్గర బీడీ కార్మికుల కాలనీ మీకు తెలుసు. గోదుతాయి పరులేకర్ పేరు మీద 10,000 ఇండ్లు, 2006ల ఇచ్చిండ్రు. ఠాణే దిక్కు వార్లీ ఆదివాసుల నడుమ పని జేసిన గోదుతాయి. అంతకు ముందు మా చెల్లె వాళ్లు పేఠల ఒక్క అర్రల ఎనిమిది మంది. ఆకు నానబెట్టే బకెట్ పెడితే కాలు చాపే జాగ లేకుండె. మొన్న 2024 జనవరిల ఆ పక్కనే రే నగర్‌ల ఇంకో 15,000 ఇండ్లు ఇచ్చిండ్రు. ఇదంతా పేపర్లల్ల వచ్చింది. నేను చూసింది మాత్రం ఏ పేపర్ల రాలేదు.

చెల్లె ఇంటి ముందట వసారల ఆరుగురు ఆడోళ్లు ఒళ్లె చాటలు పెట్టుకొని బీడీలు చేస్తున్నరు. వాళ్ల నడుమ తొమ్మిది మంది పిల్లలు. గోడకు పాత తలుపు చెక్క ఒకటి ఆనించి, దాని మీద చాక్‌పీసుతోని అక్షరాలు. చెప్పే ఆమె పక్కింటి అవ్వ. సిరిసిల్ల దిక్కామె, చిన్నప్పుడు అయిదో తరగతి దాక చదివింది. చెప్పుకుంటనే బీడీ చుడుతున్నది, చేతి దిక్కు చూడనే చూడది.

ఆమె చెప్పే తీరు చూసి నేను నిలబడ్డ కాడనే నిలబడ్డ. పిల్లలకు మరాఠీ ముందే వచ్చు. క, ఖ, గ, ఘ వరుస రెండు భాషలల్ల ఒక్కటే. అందుకే మరాఠీ అక్షరం పక్కన తెలుగు అక్షరం రాస్తది, అంతే. బారాఖడీ వచ్చినోనికి గుణింతం కొత్త గాదు. తలకట్టు అంటే నోటుబుక్కుల టీచరు పెట్టే 'బరోబర్' గుర్తు అని చెప్పింది. ళ పలుకుడు గూడ పిల్లలకు కష్టం గాలేదు, మరాఠీల ఉన్నదే గద. తిప్పలంతా ఎ, ఏ దగ్గర, ఒ, ఓ దగ్గర. మరాఠీల ఆ పొట్టివి లేవు.

"కొడుకుది చిన్న ఒ, కోడలిది పెద్ద ఓ. ఇంట్ల గూడ అంతే, యాది పెట్టుకోండ్రి" అన్నది అవ్వ. ఆడోళ్లందరు నవ్విండ్రు. ఒకామె నవ్వుకుంట చేతిల బీడీ విప్పుకున్నది.

నా సంచిలకెళ్లి ఒక సంచిక తీసి పదేండ్ల పిల్లకు ఇచ్చిండ్రు. సంక్రాంతి సంచిక అది, సకినాలు చేసే తీరు వేసిండ్రు. ఒక్కో అక్షరం కూడుకుంట చదివింది. "ఒమ" అన్నది. "ఓమ బిడ్డా, పెద్ద ఓ" అన్నది అవ్వ. నువ్వుల లెక్క దగ్గరికొచ్చేసరికి లొల్లి మొదలైంది. అన్ని నువ్వులు పోస్తే నూనెల విరిగిపోతయని ఒకామె, విరగవని ఇంకొకామె. "మళ్ల చదువు బిడ్డా, సరిగ్గ ఏం రాసిండ్రో" అన్నరు. అందరి చేతులు ఆగినయి. ఆ పిల్ల వేలు పెట్టి మళ్ల చదివింది. ఇద్దరు గొడవ బంద్ జేసిండ్రు. అట్ల పెద్దోళ్లు తన మాట కోసం ఆగుడు ఆ పిల్ల ఎన్నడు చూసిందో ఏమో, ముఖం వెలిగిపోయింది.

పోయేటప్పుడు అవ్వను అడిగిన, ఎన్నాళ్ల నుంచి చెప్తున్నవని. "యేడాదైంది తమ్మీ. నా కొడుకు చిన్నగున్నప్పుడు చెప్పలేకపోయిన. దినానికి వెయ్యి బీడీలు చేస్తేనే పొయ్యి మండేది, ఇగ అక్షరాలు ఎక్కడివి?" అన్నది. నేను ఏం జవాబియ్యలేదు. నాకు గూడ ఒక కొడుకు ఉన్నడు. రాత్రి పాళీ అని, పొద్దటి పాళీ అని నేను గూడ కూసుండబెట్టలేదు.

చందా మొన్ననే కట్టిన. కన్ను ఆపరేషన్‌కు గూడ పేరు రాయించిన.

తర్వాతి ఆదివారం మనుమన్ని తీసుకపోయిన. వాడు రానన్నడు, వచ్చేటప్పుడు వడాపావ్ కొనిపిస్తనంటే వచ్చిండు. ఇప్పటికి అయిదు ఆదివారాలైనయి. నిన్న ఇంటికొచ్చేటప్పుడు రిక్షా కోసం రోడ్డు మీద నిలబడితే కర్ణాటక బస్సు ఒకటి వచ్చి ఆగింది. ముందట కన్నడల బోర్డు. వాడు నా చెయ్యి గుంజి, "తాతా, ఆగు" అని నోట్లె కూడుకున్నడు. "క... ల... బు... ర... గి."

"అది తెలుగు గాదు బిడ్డా, కన్నడం" అన్న.

"మరి నాకెట్ల వచ్చింది?" అన్నడు. బస్సు పోయేదాక అట్లనే చూసుకుంట నిలబడ్డడు, వడాపావ్ యాది మరిచి.