అందరూ వాడే కంప్యూటర్‌లో మన ఫైళ్లు ఎక్కడ పెట్టాలి?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కాస్త ఓపిగ్గా చదవండి.

రాజమండ్రిలో మేం ఆరుగురం ఒక రూములో ఉంటున్నాం. చింతూరు, కూనవరం, మారేడుమిల్లి వైపు నుంచి వచ్చినవాళ్లం. అందరికీ కలిపి ఒకటే పాత కంప్యూటర్. స్కాలర్‌షిప్ అప్లికేషన్లు, ప్రాజెక్టు రిపోర్టులు, గ్రూప్స్ నోట్స్ అన్నీ దాంట్లోనే. ఎవరి పెన్‌డ్రైవ్ నుంచో వైరస్ వస్తే విండోస్ పాడవుతుంది. షాపువాళ్లు ఫార్మాట్ కొట్టాలంటారు. సీ డ్రైవ్ ఒక్కటే ఉంటే విండోస్‌తో పాటు మన ఫైళ్లూ పోతాయి. కుల ధ్రువీకరణ పత్రం మళ్లీ స్కాన్ చేయడానికి ఊరెళ్లి రావాలంటే చార్జీలు, ఒక రోజు క్లాసులు పోతాయి. చివరి తేదీ మన కోసం ఆగదు.

అందుకే మేం డిస్కుని రెండుగా విడగొట్టాం. ముందు ఫైళ్లన్నీ బయట ఇంకో చోట కాపీ చేసుకోవాలి. తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సీ మీద రైట్ క్లిక్ చేసి, ష్రింక్ వాల్యూమ్ నొక్కాలి. సైజు ఎంబీల్లో అడుగుతుంది. 200 జీబీ కావాలంటే 204800 అని కొట్టాలి. ఖాళీ అయిన జాగాలో న్యూ సింపుల్ వాల్యూమ్ చేసి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేస్తే డీ డ్రైవ్ తయారు. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి.

ఈ పని రక్షణ సాఫ్ట్‌వేర్ పెట్టకముందే అవ్వాలి. 2005లో మైక్రోసాఫ్ట్ ఇలాంటి కంప్యూటర్ల కోసం షేర్డ్ కంప్యూటర్ టూల్‌కిట్ ఇచ్చింది. దాని డిస్క్ రక్షణకి డిస్కులో ఎవరికీ కేటాయించని ఖాళీ జాగా ముందే ఉండాలి. తర్వాత వచ్చిన స్టెడీస్టేట్‌ని 2010 చివర్లో ఆపేశారు. ఇప్పుడు విండోస్ 10 ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో యూనిఫైడ్ రైట్ ఫిల్టర్ ఉంది. హోమ్, ప్రో ఎడిషన్లలో లేదు. దాన్ని సీ మీద పెడితే, రీస్టార్ట్ చేయగానే అక్కడ జరిగిన మార్పులన్నీ పోయి పాత స్థితికి వస్తుంది. వైరస్‌తో పాటు డెస్క్‌టాప్ మీద దాచిన రెజ్యూమె కూడా పోతుంది! అందుకే డీని ఆ రక్షణలో కలపకూడదు. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ని కూడా రక్షణ పెట్టకముందే ప్రాపర్టీస్‌లోని లొకేషన్‌కి వెళ్లి డీకి మార్చుకోవాలి. హోమ్, ప్రో ఉన్నవాళ్లు రోజూ వాడుకోవడానికి స్టాండర్డ్ అకౌంట్లు పెట్టుకుని, అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉంచండి. అదే చాలావరకు కాపాడుతుంది.

శబరి, గోదారి పొంగితే మనోళ్లు ముందు సర్టిఫికెట్ల కవరు పట్టుకుని గుట్టెక్కుతారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీళ్లు 71 అడుగులు దాటినప్పుడూ అంతే. డీ డ్రైవ్ ఆ గుట్ట కాదు, అదే ఇంట్లో అటక లాంటిది. డిస్కే చెడిపోతే సీ, డీ రెండూ పోతాయి. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉండాల్సిందే. డీ అందరికీ కనబడుతుంది కాబట్టి ఆధార్, బ్యాంకు కాగితాలు పని అవ్వగానే తీసేయండి.

మీ హాస్టల్లో కంప్యూటర్ ఉంటే ఒకసారి తెరిచి చూడండి. సీ ఒక్కటే కనబడితే, అప్లికేషన్ల సీజన్ రాకముందే పెద్దవాళ్లకి చెప్పి, దగ్గరుండి ఈ పని చేయించండి.