హాజరు పట్టీలో మొదటి పేరు

బట్టల కొట్టులో గుడ్డ కొలవడం నేర్చుకోవడానికి ఆర్నెల్లు చాలు. నలుగురు యజమానుల మాట ఒకేసారి వినడం నేర్చుకోవడానికి మాత్రం ఏ గుమాస్తాకూ ఒక జన్మ చాలదు. ఈ సంగతి నాకు బోధపడటానికి ఒక మంచి పనివాణ్ణి పోగొట్టుకోవలసి వచ్చింది.

మా తాతగారు 1954లో కర్నూలు పాతబస్తీలో కొట్టు పెట్టారు. అప్పుడు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఆఫీసులు కొన్ని గుడారాలలోనే నడిచేవి. ఊరు కాని ఊరు నుంచి ఉద్యోగులు సంసారాలతో దిగారు. వాళ్ల ఆడవాళ్లకు చీరలూ, పిల్లలకు చొక్కాగుడ్డలూ కావాలి కదా! 1956 నవంబరులో రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. మా కొట్టు మాత్రం కదలలేదు. అటు తరువాత మాకు రాజు వేరుశనగ పంటే. వాన కురిసి కాయ ఊరిందా, దీపావళి మొదలు సంక్రాంతి దాకా పల్లెల జనంతో కొట్టు కిటకిటలాడేది. కురవని ఏడు పనివాళ్లూ మేమూ కూచుని మడిచిన తానులే మళ్లీ మడిచేవాళ్లం.

నేను డిగ్రీ పుచ్చుకొని 1996లో గద్దె ఎక్కాను. అప్పుడు మాకు ఆరుగురు పనివాళ్లు. అందరికీ పెద్ద మా తాతగారి నాటి సాయిబుగారు. చీరల బల్ల దగ్గర కోడుమూరు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడుండేవాడు. వచ్చినామె చెప్పులు విడిచే తీరు చూసి ఏ ధరలో చీర విప్పాలో చెప్పగలిగేవాడు. గద్వాల చీర అంచు మోకాలి మీద పరిచి, "అక్కా, ఇది మీకోసమే నేసినట్టుంది" అన్నాడంటే ఆమె ఇక బేరమాడేది కాదు.

అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు గడియారం పెట్టి కార్మికుల పనిని కొలిపించి, 1911లో దాని మీద పుస్తకం రాశాడని నేను కాలేజీలో చదువుకున్నాను. మా కొట్టు పెరగకపోవడానికి కారణం పనివాళ్ల సోమరితనమేనని మొదటి వారంలోనే తీర్మానించాను. హాజరు పట్టీ తెరిచాను. పది నిమిషాలు ఆలస్యమైతే ఎర్రగీత, మూడు గీతలకు అరపూట జీతం కోత. ఇదికాక ఎవరు ఎప్పుడు బయటికి పోయారో, ఎంతసేపటికి వచ్చారో రాసుకోవడానికి ఒక నోటుబుక్కు పెట్టాను.

సాయిబుగారు నా చేతి గడియారం వంక చూసి, "మంచిదే చిన్నసేటూ" అని మాత్రం అన్నారు.

కుర్రవాడు ఊరుకోలేదు. మూడో గీత పడ్డ రోజు నా ఎదుట నిలబడి, "అన్నా, నేను పది నిమిషాలు లేటైతే జీతం కోస్తివి. మీ చిన్నాయన కొడుకు పదకొండుకు వస్తాడు, గల్లాలో చెయ్యి పెడతాడు, పోతాడు. ఆయప్ప పేరు ఈ పట్టీలో యాడుందో చూపియ్యి" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. జవాబు మాత్రం రాలేదు.

నెల తిరగకముందే వాడు పక్క వీధి కొట్టుకు వెళ్లిపోయాడు. నెలకు నూరు రూపాయలు ఎక్కువట. డబ్బుకోసం పోయాడులే అని ఇంట్లో అందరం అనుకొని ఊరటపడ్డాం. కాని మా చీరల బల్ల దగ్గరికి వచ్చిన ఆడవాళ్లు, "ఆ పిల్లోడు యాడమ్మా?" అని అడిగి, మెల్లగా చెప్పులు తొడుక్కోవడం మొదలుపెట్టారు.

ఒక రాత్రి ఆ నోటుబుక్కు ముందేసుకొని కూడిక వేశాను. ఆరు రోజులలో పనివాళ్లు కొట్టులో లేని కాలం 31 గంటలు. టీకి, బీడీకి, నమాజుకు, కబుర్లకు పోయినది 12 గంటలు. మిగతా 19 గంటలూ మావే! అమ్మకు పెరుగు తేవడం, చెల్లెలి బిడ్డను బడిలో దింపడం, గ్యాసు బండ మోయడం, బాబాయికి మందులు, మా తమ్ముడి మోటారు సైకిలుకు పంక్చరు. నాన్నగారు పై అరకు ఎక్కించమన్న తానులను బాబాయి మళ్లీ దింపించినది వేరే లెక్క.

మరునాడు భోజనాల దగ్గర ఆ లెక్క చదివాను. అమ్మ ఒక్కతే వెంటనే, "పెరుగు నేనే తెచ్చుకుంటాలే. నాకేమి, కాళ్లు లేవా?" అంది. తమ్ముడు సగం అన్నంలో లేచిపోయాడు. బాబాయి, "జీతగాళ్ల ముందర మన బిడ్డ పరువు తీస్తావా?" అన్నాడు. నాన్నగారు మాట్లాడలేదు. తెల్లవారి కొట్టు తెరవగానే కొత్త పట్టీ తీసి, మొదటి పేరు తమదే రాశారు. ఆ కింద బాబాయి, నేను, తమ్ముడు. తరువాత సాయిబుగారూ మిగతావాళ్లూ. మూడోరోజు నాన్నగారు పావుగంట ఆలస్యంగా వచ్చారు. అందరూ చూస్తుండగా తమ పేరు పక్కన తామే ఎర్రగీత గీసుకున్నారు.

ఆ నెలలో మరికొన్ని మార్పులు జరిగాయి. పనివాళ్లకు పని చెప్పే నోరు ఒక్కటే ఉండాలన్నాం. ఇంటిపనికి వేరే మనిషిని పెట్టుకున్నాం. చీటీ లేనిదే గల్లా తెరవకూడదు. మాకూ జీతాలు కట్టుకున్నాం. ఇంటి ఖర్చూ కొట్టు ఖర్చూ వేరయ్యాక మా అసలు లాభం ఎంతో మొదటిసారి తెలిసింది. అనుకున్నదానికన్నా చాలా తక్కువ!

1965లో వచ్చిన బోనసు చట్టం ఫ్యాక్టరీలకూ, ఇరవై మందో అంతకు పైనో ఉండే సంస్థలకూ వర్తించేది. మొదట నూటికి నాలుగుగా ఉన్న కనీస బోనసు తరువాత 8.33 అయింది. అంటే ఏడాదికి ఒక నెల జీతం. ఆరుగురి కొట్టును ఆ చట్టం అడగలేదు. అయినా సాయిబుగారికి రంజానుకూ, మిగతావాళ్లకు దసరాకూ అది ఇవ్వడం మొదలుపెట్టాం. టాటాలు 1912లోనే జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం పెట్టారు. అదీ ఒక కుటుంబం మొదలుపెట్టిన సంస్థే. మేము వాళ్లంత కాకపోయినా రాత్రి పదింటిదాకా పనివాళ్లను నిలబెట్టడం మానుకున్నాం. అమ్మకం తగ్గలేదు.

అంతా సుఖంగా ముగిసిందని చెబితే అబద్ధమవుతుంది. తమ్ముడు ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. ఏడాదికి బాబాయి తన భాగం తీసుకున్నాడు. ఇంట్లో పొయ్యిలు రెండయ్యాయి. కొట్టు నిలిచింది గాని, అందరం ఒక పంక్తిలో కూచుని తినడం అంతటితో సరి.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి ఊళ్లోకి వచ్చినప్పుడు తానులతోపాటు ఆ పట్టీ, ఆ నోటుబుక్కు కూడా బురదపాలయ్యాయి. నీళ్లు తీశాక సాయిబుగారు వచ్చారు. ఆయన ఇల్లూ మునిగింది. తడిసిన గుడ్డ ఆరేయకముందే నాన్నగారు చెల్లెలి గాజులు కుదువబెట్టి ఆరుగురికీ నెల జీతం ఇచ్చారు. ఆ నెల మా పేర్ల కింద మాత్రం ఏమీ పడలేదు.

చీరల బల్ల కుర్రవాడు ఇప్పుడు కుర్రవాడు కాదు. సొంత కొట్టు పెట్టుకొని బాగానే ఉన్నాడు. మొన్న ఒక పెళ్లిలో కనబడి, పక్కకు పిలిచి, "అన్నా, మావోడు డిగ్రీ చేసి కొట్లో కూచున్నాడు. పదకొండుకు గాని రాడు. చెప్తే ఇంట్లో ఆమె నా మీదికే వస్తాది. మీ నోటుబుక్కు ఉంటే ఒకసారి ఇయ్యి" అన్నాడు.

"వరదలో పోయిందప్పా" అన్నాను. "కొత్తది కొనుక్కో. మొదటి పేరు మాత్రం నీదే రాసుకో."